యాక్షన్ కింద పందొమ్మిది చీటీలు

"యాక్షన్" అన్న మాట నా బల్ల మీద పడ్డ రోజు ఆఫీసంతా నవ్వింది. కుర్చీలోంచి లేవాలంటే రెండుసార్లు నిట్టూర్చే మనిషిని నేను. ఫ్యాను వేయమన్నా, కిటికీ మూయమన్నా "చూద్దాం" అంటాను. అలాంటిదాని నెత్తిన, లోకంలోని పనులన్నిటికీ పెద్దదిక్కులాంటి ఆ మాటను తెచ్చి పెట్టారు. ఆ పూట నుంచి నా పేరు "పనిమంతురాలు". పెట్టింది మా కంప్యూటరమ్మాయి. దాని నోరు ఊరుకోదు. నాకు ఒళ్ళు మండిన మాట నిజమే గానీ, తిరిగి అనడానికైనా ఓపిక ఉండాలి కదా.

మాది నిఘంటువు ఆఫీసు. కింద ప్రింటింగ్ ప్రెస్సు, దాని పైన మా మూడు గదులు. కింద మిషను తిరుగుతున్నంతసేపూ పైన గ్లాసులో టీ వణుకుతూ ఉంటుంది. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడం మా పని. తేలిక మాటలన్నీ తలా కాసిని పంచుకుని పోగా, ఎవరూ ముట్టుకోని మొండి మాటలు కొన్ని మిగిలాయి. నేను లేని రోజు చూసి వాటిలో ఒకటి నాకు కేటాయించారు. అదీ అసలు సంగతి.

మా సంపాదకుణ్ణి అందరం పెద్దాయన అంటాం. ఎనభై దాటాయి. ఆయనకొక నియమం ఉంది. అర్థం కింద ఇచ్చే ఉదాహరణ వాక్యం మనం కల్పించకూడదు. ఎవరో ఒకరు నిజంగా, ఇంకొకరితో, అవసరం కొద్దీ అన్నదై ఉండాలి. ఇంగ్లీషువాడు "యాక్షన్" అనే చోట మన ఇళ్ళల్లో మనుషులు ఏమంటారో అది విని పట్టుకోవాలి. "మీరు కూర్చుని తయారుచేసే వాక్యంలో వ్యాకరణం ఉంటుందమ్మా, అవసరం ఉండదు" అంటాడు. అందుకని మా అందరి దగ్గరా ప్రెస్సులో మిగిలిపోయిన కాగితం కోసి కుట్టిన చీటీల కట్టలుంటాయి. వాక్యం, అన్నదెవరు, ఎవరితో, ఏ తేదీన. నాలుగూ రాసి, ఏ అర్థానికి పనికొస్తుందో ఆ గూట్లో పడేయాలి. గోడకి చెక్క అర ఒకటి ఉంది. నా మాటకు అందులో ఆరు గూళ్ళు ఇచ్చారు. చేసిన పని ఒకటి. యంత్రం ఆడే తీరు ఒకటి. మందు ఒంటి మీద చేసే పని ఒకటి. కోర్టుకెక్కడం ఒకటి. మనిషి కదలిక ఒకటి. చివరిది, లేనిది ఉన్నట్టు నటించడం.

గూళ్ళయితే ఇచ్చారు, వాక్యాలు ఎక్కణ్ణుంచి తేను? మా ఆయన పోయి ఐదేళ్ళు. ఇంట్లో నేనూ గోడలూ. బస్సులో వింటే అందరూ ఫోన్లలోకి చూసుకుంటూ మూగవాళ్ళై కూర్చుంటారు. ఆఫీసులో వినేదంతా కంప్యూటరమ్మాయి వాగుడే. ఇక నాతో రోజూ మాట్లాడే మనిషి ఈ లోకంలో ఒక్కతే, మా చెల్లి.

అది నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. నా చంకలో పెరిగింది. బస్సులో మూడు గంటల దూరాన ఉంటుంది. దర్జీ పని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, వెనక గదిలో మంచం మీద వాళ్ళ అత్తగారు. ఆవిడకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. దాని మొగుడు, మా మరిది, లారీ డ్రైవరు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంటకి అత్తగారు కునుకు తీస్తుంది. అప్పుడు చెల్లి నాకు ఫోన్ చేస్తుంది. నేను అన్నం డబ్బా మూత తీసి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తింటూ వింటాను.

ఫిబ్రవరిలో ఒకరోజు అంది, "మిషను బాగానే ఆడుతోందక్కా. గీతే వంకర పోతోంది."

నా చెయ్యి డబ్బా వదిలి చీటీల కట్ట మీదికి పోయింది. యంత్రం "ఆడటం"! రెండు రోజులుగా ఆ గూడు ఖాళీగా నన్ను వెక్కిరిస్తోంది. రాశాను. అన్నది: చెల్లి. ఎవరితో: నాతో. తేదీ. తిన్నాక లేచి గూట్లో పడేశాను. ఆ రోజంతా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గీత ఎందుకు వంకర పోతోందో అడగాలని తోచలేదు.

ఇంకొన్ని రోజులకి, "మందుల షాపతను ఇచ్చిన చుక్కలు పనిచెయ్యట్లేదక్కా. లైటు చుట్టూ రంగులు తిరుగుతూనే ఉన్నాయి" అంది. అది మందుల గూట్లోకి వెళ్ళింది. "పనిచెయ్యట్లేదు" అన్నచోట కింద గీత కూడా గీశాను.

"డాక్టరుకి చూపించుకోవే" అన్నాను. అనలేదని కాదు.

"ఎలా వెళ్ళను? ఈవిణ్ణి ఎవరు చూస్తారు? గంటకోసారి పక్కకి తిప్పాలి. ఆయనొచ్చిన నాలుగు రోజులూ నిద్రే సరిపోదు ఆయనకి."

"చూద్దాంలే" అన్నాను.

ఏప్రిల్లో, ఎవరిదో కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టిందట. ఆవిడ వీధిలో నిలబడి నానా మాటలూ అందట. "కేసు వేస్తానంటోందక్కా" అని చెల్లి ఏడ్చింది. పాతికేళ్ళుగా కుడుతోంది, ఒక్క కొలత తప్పలేదు. ఊరుకోబెట్టాను. పోనీలే, కోటుకి కేసులేమిటి, నోరు తప్ప ఇంకేం లేదు ఆవిడ దగ్గర అన్నాను. అంటూనే చీటీ మీద "కేసు వేయడం" అని రాశాను. కోర్టు గూడు అప్పటిదాకా ఖాళీగా ఉంది మరి.

మేలో వచ్చింది అన్నిటికంటే గొప్ప చీటీ. "నేను గుమ్మానికి గుద్దుకున్నానక్కా. మా ఆయన చూసి, పని తప్పించుకోడానికి భలే యాక్షన్ చేస్తున్నావే అన్నాడు." యాక్షన్! ఏ మాటకైతే నేను నెలల తరబడి తలబాదుకుంటున్నానో ఆ మాటే, అచ్చంగా, ఒక లారీ డ్రైవరు నోట్లోంచి, నటన అన్న అర్థంలో వచ్చి నా ఒళ్ళో పడింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. కంప్యూటరమ్మాయిని పిలిచి చూపించాను.

"మీ మరిదిగారికి నిఘంటువులో చోటు దొరికింది, స్వీట్లు తినిపించండి" అంది అది. ఇద్దరం నవ్వుకున్నాం. గుమ్మానికి గుద్దుకున్న మనిషి సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. కంప్యూటరమ్మాయికి అది ఏమీ కాదు. నాకు చెల్లెలు.

నిజం చెప్పేస్తాను. నాకు తెలియక కాదు. ఏదో జరుగుతోందని లోపలెక్కడో తెలుసు. కానీ వెళ్ళాలంటే భయం. మా ఆయన మంచాన పడి మూడేళ్ళు ఉన్నాడు. ఆ మూడేళ్ళూ ఎత్తడం, దించడం, తుడవడం, పక్క మార్చడం, తిట్లు తినడం. ఆయన పోయిన రోజు నేను ఏడవకుండా పదహారు గంటలు నిద్రపోయాను. లేచాక ఒట్టు పెట్టుకున్నాను, ఇంక ఈ జన్మకి రోగిమంచం దగ్గర నిలబడనని. చెల్లి "పదిహేను రోజులు వచ్చి ఉండగలవా అక్కా, చూపించుకుంటా" అని జూన్లో ఒకసారి అడిగింది. ఒక్కసారే, నెమ్మదిగా, అడగకూడనిది అడిగినట్టు. "ఈ సంపుటం ప్రెస్సుకి వెళ్ళనీవే" అన్నాను. ఆ సంపుటం ఎప్పుడు వెళ్తుందో పెద్దాయనకే తెలియదు. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

వినడం తేలిక. వెళ్ళడం కష్టం. రోజూ వింటున్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ వినడంలో నా పని కూడా జరుగుతుంటే ఇంకేం కావాలి? ఆగస్టు చివరికి గూళ్ళు నిండాయి. ఏ అర్థానికైనా మూడు నాలుగు వాక్యాలు చాలు. ఇక చీటీల కట్టని సొరుగులో పెట్టేసి, ఒంటిగంటకి అన్నం ఒక్కటే తినడం మొదలుపెట్టాను. చెల్లి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కానీ కళ్ళ మాట ఎత్తడం మానేసింది. వాన పడిందా, నువ్వేం తిన్నావు, మోకాలి నొప్పి ఎలా ఉంది అని నా సంగతులే అడిగేది. తగ్గిందనుకున్నాను. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని అడగలేదు.

అక్టోబరు మొదటి వారంలో పెద్దాయన నా గూళ్ళు పరీక్షకి తీసుకున్నాడు. ఆయనకి ఇంకో నియమం ఉంది. ఒక మాట కింద ఒకే మనిషి నోటి నుంచి ఐదు వాక్యాలకి మించకూడదు. మించితే అది భాష కాదు, ఒకరి గోల అంటాడు. అందుకని ఆయన చీటీలని అర్థాల వారీగా చూడడు. అన్నీ బల్ల మీద కుమ్మరించి, అన్న మనుషుల వారీగా కట్టలు వేస్తాడు. ఒక్కో కట్టని మళ్ళీ తేదీల వరసలో పేరుస్తాడు.

పదకొండు గంటలకి పిలిచాడు. వెళ్ళి నిలబడ్డాను. బల్ల మీద చిన్న చిన్న కట్టలు నాలుగైదు ఉన్నాయి. మధ్యలో ఒకటి మాత్రం లావుగా ఉంది.

"చెల్లి అని రాసినవి పందొమ్మిది ఉన్నాయమ్మా" అన్నాడు.

నియమం తప్పానని తిడతాడనుకున్నాను. "కావాలంటే పద్నాలుగు తీసేద్దామండీ. నాతో మాట్లాడేది అదొక్కతే. అందుకని..."

"కూర్చో."

కూర్చున్నాను.

"వీటిని ఎప్పుడైనా వరసగా చదివావా?"

"వరసగా అంటే?"

"తేదీల వరసగా."

చదవలేదు. ఎందుకు చదువుతాను? దేనికది రాసిన పూటే దాని గూట్లో వేసేశాను. మిషను మాట ఒక గూట్లో, మందు మాట ఒక గూట్లో, కేసు మాట ఇంకో గూట్లో. ఒకదాని మొహం ఇంకొకటి చూడలేదు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. గొంతులో ఏమీ లేదు, ప్రూఫు చదివినట్టే చదివాడు.

"ఫిబ్రవరి తొమ్మిది. మిషను బాగానే ఆడుతోందక్కా. గీతే వంకర పోతోంది. ఫిబ్రవరి ఇరవయ్యేడు. చుక్కలు పనిచెయ్యట్లేదక్కా. లైటు చుట్టూ రంగులు తిరుగుతూనే ఉన్నాయి. మార్చి పద్నాలుగు. తలనొప్పి మాత్ర పొద్దున్నుంచి మూడు వేసుకున్నా, ఒక్కటీ పనిచెయ్యలేదు. ఏప్రిల్ ఆరు. కోటు చెయ్యి పొట్టిగా కుట్టానని కేసు వేస్తానంటోంది. మే ఇరవై. గుమ్మానికి గుద్దుకుంటే, భలే యాక్షన్ చేస్తున్నావే అన్నాడు. జూన్ ఇరవయ్యెనిమిది. ఎడంపక్క మనిషి కదలిక తెలీట్లేదు నాకు. జూలై పదకొండు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది గానీ పని జరగట్లేదు. ఆగస్టు రెండు. నువ్వేదో ఒకటి చెయ్యక్కా."

అక్కడ ఆగాడు. కింద ప్రెస్సు మిషను కూడా ఎందుకో ఆగింది. మధ్యలో వదిలేసిన చీటీలని పక్కకి జరిపి, చివరిది చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగస్టు ముప్పై. ఇంకేం చేస్తాంలే." చీటీ కింద పెట్టాడు. "దీన్ని ఏ గూట్లో వేశావు?"

"మొదటి దాంట్లోనండీ. చేసిన పని."

"ఈ అమ్మాయి ఇప్పుడెలా ఉంది?"

తెలియదని చెప్పాలి. రోజూ మాట్లాడుతున్నాను, తెలియదు. ముప్పై ఏళ్ళ కొలువులో ఆయన ముందు ఎప్పుడూ ఏడవలేదు నేను. ఆ రోజు కొంగుతో మొహం కప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఓదార్చలేదు. "వాక్యాలు చాలా బాగా పట్టుకున్నావు" అని మాత్రం అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

సెలవు చీటీ రాయలేదు. కంప్యూటరమ్మాయి "ఎక్కడికి పనిమంతురాలుగారూ" అంటూ నా మొహం చూసి నోరు మూసుకుంది. నా సంచిలో నీళ్ళ సీసా, గొడుగు, అన్నం డబ్బా ఉన్నాయి. వాటితోనే పన్నెండు గంటల బస్సెక్కాను. ఒంటిగంటకి ఫోను మోగింది. ఎత్తి, "వస్తున్నానే" అన్నాను.

"ఎక్కడికి?" అంది.

నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. చెల్లి మిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ లేదు. గుమ్మంలో ఎడమవైపు నిలబడ్డాను. చూడలేదు. "ఏమే" అన్నాను. అప్పుడు తల మొత్తం, భుజాలతో సహా ఇటు తిప్పి, మొహం వెలిగిపోతుంటే "అక్కా, నిజంగా వచ్చావా!" అంది. లేచి వస్తూ బల్ల అంచుని చేత్తో తడుముకుంది. పట్టుకుని కావలించుకున్నాను. సగమైపోయింది. రెండు జడలేసి బడికి పంపిన పిల్ల, నా భుజానికి ఆనితే ఎముకలు గుచ్చుకున్నాయి.

మర్నాడు ఎదురింటి ప్లంబరు భార్య అత్తగారి దగ్గర కూర్చుంటానంది. కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పొడుగాటి వరండా, గోడ పొడుగునా బెంచీలు, అందరి కళ్ళల్లోనూ ఏవో చుక్కలు వేసి తలలు వెనక్కి వాల్చి కూర్చోబెట్టారు. రెండు గంటలకి మా పేరు పిలిచారు. లేడీ డాక్టరు. దీపం వేసి చూసింది, ఏదో మిషనులో గడ్డం పెట్టించి చూసింది, మళ్ళీ చూసింది.

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగింది.

"ఈమధ్యేనండీ. ఒక నెల" అంది చెల్లి. నాకు మాట రాకూడదని. దాని సంగతి నాకు తెలీదూ?

"కాదండీ" అన్నాను. "ఫిబ్రవరి తొమ్మిదికే గీత వంకర పోయింది. ఇరవయ్యేడున లైటు చుట్టూ రంగులు. మార్చి పద్నాలుగున తలనొప్పి. మే ఇరవైకి గుమ్మానికి గుద్దుకుంది. జూన్ ఇరవయ్యెనిమిదికి ఎడంపక్క అసలు కనబడటం లేదు."

డాక్టరు రాసుకోవడం ఆపి నన్ను చూసింది. "ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరమ్మా. మీరు డైరీ రాస్తారా?"

ఏం చెప్పను? అవునని తలూపాను. చెల్లి నా చెయ్యి వెతికి పట్టుకుంది.

నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుందట. తిన్నది తిరిగి రాదు. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను సగం ఉంది, ఆపరేషన్ చేస్తే ఆ సగం నిలుస్తుంది. చెల్లిని బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కదాన్నీ లోపల ఆపి చెప్పింది ఇవన్నీ. "వేసవిలో తెచ్చుంటే రెండూ దక్కేవి" అంది. ఆవిడ నన్ను నిందించలేదు. రోజూ పదిమందికి చెప్పే మాటే చెప్పింది. నేను గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

వరండాలో చెల్లి తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది. చెప్పాను. దాచలేదు. విని, "పోన్లే అక్కా. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎలాగూ ఒక కన్ను మూసుకునేదాన్నేగా."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దానికి తెలుసు, రాదని. నా కోసమే నవ్వింది.

ఆపరేషన్ అయ్యింది. మరిదికి ఫోన్ చేసి నేనే చెప్పాను. అవతల లారీ హారన్లు. "నేను యాక్షన్ అన్నాను వదినా" అన్నాడు. ఏడుస్తున్నాడని అర్థమైంది. నా దగ్గర అతన్ని తిట్టడానికి ఏముంది? ఫోను పెట్టేశాను.

పదిహేను రోజులన్నది నెలన్నర అయింది. అత్తగారిని గంటకోసారి పక్కకి తిప్పుతున్నాను. ఆవిడకి మాట ముద్దగా వస్తుంది, అయినా నోరు మహా జోరు. నేను చారు పల్చగా పెడతానట, దిండు ఎత్తుగా వేస్తానట. నా నడుము రోజుకి పదిసార్లు పట్టేస్తోంది. మూడేళ్ళ ఆ అలసటే మళ్ళీ వచ్చి భుజాల మీద కూర్చుంది. ఏ అలసటకి భయపడి రాలేదో అది ఇంతే. భరించగలిగినంతే. అది తెలిసి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

కట్టు విప్పిన నాలుగో రోజు, సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగా, ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. చెల్లి ఒక పాత గుడ్డ మీద తిన్నగా గీత కుట్టడం మళ్ళీ నేర్చుకుంటోంది. నా లోపల కుళ్ళిపోతున్నది చెప్పేయాలనిపించింది. క్షమాపణ అడగడానికి కాదు. దాచి దీని ఇంట్లో అన్నం తినలేక.

"ఒసేయ్, నీకొకటి చెప్పాలి. నువ్వు ఫోన్లో బాధపడుతుంటే నేను నీ బాధ వినలేదే. ఆఫీసు పనికి పనికొస్తాయని నీ మాటలు చీటీల మీద రాసుకున్నాను. అన్నం తింటూ."

చెల్లి మిషను ఆపింది.

"నువ్వు రాసుకుంటున్నావని తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"ఫోన్లో వినపడేది కదా. నేను కళ్ళ సంగతి ఎత్తగానే కట్టలోంచి కాగితం చింపిన చప్పుడు, పెన్ను గీకిన చప్పుడు." గుడ్డ తిప్పి, కుట్టిన గీత వేలితో తడిమి చూసుకుంది. "అక్క రాసుకుంటోంది, ఏ డాక్టరుకో చూపిస్తుంది, ఏదో ఒకటి చేస్తుంది అనుకునేదాన్ని. రాసుకోవడంలో నీకు తప్పు పోకూడదని నెమ్మదిగా, విడివిడిగా చెప్పేదాన్ని."

అయినా అడిగాను. "మరి ఆగస్టు తర్వాత చెప్పడం ఎందుకు మానేశావే?"

"ఒకరోజు చెప్తుంటే చప్పుడు వినపడలేదు. మర్నాడూ వినపడలేదు. నువ్వు రాసుకోవడం ఆపేశావంటే ఇంక చెయ్యడానికేమీ లేదు కాబోలనుకున్నా" అంది. దాని గొంతులో నిష్ఠూరం కోసం వెతికాను. ఎక్కడా లేదు.